పాత పైథాన్‌ను కదపకుండా కొత్త వెర్షన్‌ను పరీక్షించే పద్ధతి

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీకి స్లాబుల కొలతలు లెక్కగట్టే ప్రోగ్రాము ఒకటి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 3.11 వెర్షన్ మీద నడుస్తోందని, దానిని 2024 అక్టోబరులో వెలువడిన 3.13కు మార్చాలని అనుకుందాం. ముందుగా పాత వెర్షన్‌ను తీసివేయకండి. విండోస్‌లో రెండూ పక్కపక్కనే ఉండగలవు. లినక్స్‌లోనైతే సిస్టమ్‌తో వచ్చిన పైథాన్ మీద ఇతర పనిముట్లు ఆధారపడి ఉంటాయి కనుక దాని జోలికి అసలు పోకూడదు. 3.13తో వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలను విడిగా ఉంచే ఫోల్డర్) తయారు చేసి, పాతదానిలోని ప్యాకేజీల జాబితాను పిప్ (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పనిముట్టు)తో ఫైలుగా తీసి, ఇందులో ఇన్‌స్టాల్ చేయండి.

కొత్తగా చేరినవాటికంటే తొలగించినవాటిని ముందు చూడాలని నా గట్టి అభిప్రాయం. 3.12లో ప్యాకేజీలను తయారు చేసే డిస్ట్‌యుటిల్స్ మాడ్యూలు పోయింది, 3.13లో సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ సహా 19 పాత మాడ్యూళ్లు పోయాయి. మీ ఇంపోర్ట్ వాక్యాలలో ఈ పేర్లు ఉన్నాయేమో వెతకండి. కోడ్‌లో రాసిన ఫోల్డర్ చిరునామాలనూ పరిశీలించండి. బ్యాక్‌స్లాష్ తర్వాత ఇంగ్లీషు చిన్న డి లాంటి, పైథాన్‌లో ప్రత్యేక అర్థం లేని అక్షరం వస్తే 3.12 నుంచి సింటాక్స్ వార్నింగ్ కనిపిస్తుంది. ఇంగ్లీషు చిన్న ఎన్ వస్తే మాత్రం ఏ హెచ్చరికా లేకుండా అది కొత్త లైనుగా మారిపోతుంది. కొటేషన్‌కు ముందు ఆర్ అక్షరం పెడితే రెండు ఇబ్బందులూ తీరతాయి.

ఆ తర్వాత కొత్త సదుపాయాలను మీ సొంత డేటా మీదే ప్రయత్నించండి. 3.12 నుంచి ఎఫ్-స్ట్రింగ్ (కర్లీ బ్రాకెట్లలో విలువలను ఇమిడ్చే టెక్స్ట్)లోని ఆ బ్రాకెట్ల లోపల కూడా బయటి కొటేషన్ గుర్తునే వాడవచ్చు. ఇటర్‌టూల్స్ మాడ్యూలులోని బ్యాచ్‌డ్ ఫంక్షన్, స్లాబుల జాబితాను లారీకి ఇన్ని చొప్పున విడగొట్టడానికి చక్కగా సరిపోతుంది. 3.13 ఇంటరాక్టివ్ షెల్‌లో ఎఫ్3 నొక్కి పేస్ట్ చేస్తే, మధ్యలో ఖాళీ లైన్లున్న ఫంక్షన్ కూడా తెగిపోకుండా వస్తుంది.

తెలుగు ఊరిపేర్లు ఉన్న ఫైళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫైలును యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే ఎన్‌కోడింగ్ పద్ధతి)లో భద్రపరచి, తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ పేర్కొనకపోతే, విండోస్‌లో పైథాన్ ఆ కంప్యూటర్ కోడ్‌పేజీని (విండోస్ పాత అక్షరాల పట్టికను), సాధారణంగా సీపీ 1252ను, తీసుకుంటుంది, 3.13లోనూ ఇది మారలేదు. అప్పుడు 'చీమకుర్తి' దగ్గర ప్రోగ్రాము ఎర్రర్‌తో ఆగిపోతుంది, ఎందుకంటే ఉకారపు కొమ్ము చివరి బైటుకు ఆ కోడ్‌పేజీలో స్థానం లేదు. 'కావలి'లోని బైట్లన్నింటికీ స్థానం ఉండడంతో ఏ ఎర్రరూ రాదు గానీ, పేరు అర్థంలేని గుర్తులుగా మారి అలాగే బిల్లులోకి చేరుతుంది. ఆగిపోయే ప్రోగ్రాముకంటే ఇదే ఎక్కువ ప్రమాదం. 3.15లో యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయం జరిగింది కనుక, ఇప్పుడే ప్రతి ఓపెన్ పిలుపులో ఎన్‌కోడింగ్‌ను స్పష్టంగా రాయండి. అది రాయని చోట్లను చూపించే హెచ్చరిక 3.10 నుంచే ఉంది, కానీ దానిని మనమే ఆన్ చేయాలి.

జీఐఎల్ (ఒకసారికి ఒకే థ్రెడ్‌ను నడవనిచ్చే తాళం) లేని ప్రత్యేక బిల్డ్ 3.13లో ప్రయోగాత్మకమే, లెక్కల పనికి దాని అవసరం లేదు. చివరిగా, గడిచిన నెల కొలతలను రెండు వెర్షన్లలోనూ నడిపి, వచ్చిన ఫైళ్లను ఫైల్ కంపేర్ కమాండ్‌తో పోల్చండి. తేడా కనిపిస్తే కారణం దొరికేవరకు బిల్లులను 3.11 మీదే తీయండి.