కుటుంబ ప్రయాణాల లెక్క – మూడో పాఠం: గడప దాటడం, ఎన్నిసార్లు దాటడం

గత పాఠంలో, ఇంటి వివరాలను బట్టి ప్రయాణాల సంఖ్యను అంచనా వేసే మన సరళరేఖ ఒక చిన్న కుటుంబానికి రోజుకు మైనస్ 0.4 ప్రయాణాలని చెప్పిన చోట ఆగాం. ప్రయాణాలు సున్నాకు దిగువకు పోవు కదా! అందుకే ఈసారి 0, 1, 2 అంటూ లెక్కపెట్టే సంఖ్యలకు వాడే పాయిజాన్ నమూనా. ఇందులో గుణకాలు (ఒక్కో కారణం ప్రభావాన్ని చెప్పే సంఖ్యలు) సగటుకు కాకుండా సగటు లాగరిథమ్‌కు కడతాం కాబట్టి జవాబు ఎప్పుడూ ధనసంఖ్యే. పిల్లల సంఖ్యకు గుణకం 0.2 వచ్చిందనుకోండి. మిగతావన్నీ సమానమైతే, ఒక బిడ్డ ఎక్కువున్న ఇంట్లో ప్రయాణాలు e ఘాతం 0.2, అంటే 1.22 రెట్లు, అంటే 22 శాతం ఎక్కువ.

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. ఇంటి నుంచి బయలుదేరి తిరిగొచ్చేదాకా ఒక ప్రయాణం. అభ్యాసం కోసం నేను అల్లిన పది కుటుంబాల ఒకరోజు లెక్క ఇది:

0, 0, 0, 1, 2, 2, 2, 3, 4, 6

మొత్తం 20, సగటు 2. సగటు 2 అయితే సున్నా వచ్చే సంభావ్యత 0.135 అంటుంది పాయిజాన్. అంటే పదింట ఒకటి, మహా అయితే రెండు ఇళ్లు. మన దగ్గర మూడున్నాయి. పైగా పాయిజాన్‌లో విస్తృతి (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) సగటుతో సమానంగా ఉండాలి. సగటు నుంచి తేడాల వర్గాల మొత్తం 34, దాన్ని తొమ్మిదితో (ఇళ్ల సంఖ్యలో ఒకటి తక్కువ) భాగిస్తే విస్తృతి దాదాపు 3.8, సగటు మాత్రం 2. పది ఇళ్లతో తీర్పు చెప్పలేం కానీ, పెద్ద సర్వేలోనూ ఇలాగే కనిపిస్తే నమూనా మార్చాల్సిందే.

విస్తృతి ఎక్కువైతే చాలామంది, విస్తృతి సగటును మించడాన్ని ఒప్పుకునే రుణ ద్విపద (నెగటివ్ బైనామియల్) నమూనాకు వెళ్తారు. మంచిదే. అయితే సున్నాలను జవాబు రాని ఇళ్లుగా భావించి కొట్టేయడం మాత్రం నాకు మనసొప్పదు. ఆ రోజు కదలని కుటుంబం కూడా మనకు జవాబిచ్చింది.

నాకు నచ్చిన దారి హర్డిల్ నమూనా. నేను దాన్ని గడప నమూనా అంటాను. మొదటి ప్రశ్న: ఈరోజు గడప దాటారా? పదిలో ఏడు ఇళ్లు దాటాయి, 0.7. రెండో ప్రశ్న: దాటినవారు ఎన్నిసార్లు? 20ని 7తో భాగిస్తే 2.86. రెండింటినీ గుణిస్తే మళ్లీ 2 వస్తుంది. రెండో మెట్టులో సున్నాకు చోటు లేని పాయిజాన్ వాడాలి, దాని పరామితి (పాయిజాన్ ఆకారాన్ని నిర్ణయించే సంఖ్య) 2.66 దగ్గర ఉంటుంది. సున్నాలు తీసేస్తే సగటు పరామితికన్నా పెరుగుతుంది. 2.86నే పరామితిగా పెట్టేయడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు.

ఈ విభజన వల్ల ఒకే కారణం రెండుచోట్ల వేర్వేరుగా పనిచేయడం కనిపిస్తుంది. పసిబిడ్డ ఉన్న ఇల్లు బయలుదేరడానికి వెనకాడవచ్చు. బయలుదేరిన రోజున మాత్రం ఒకటికి రెండుసార్లు తిరగవచ్చు.

అభ్యాసం: ఒక సున్నాను 2గా మార్చి రెండు మెట్లూ మళ్లీ లెక్కించండి. ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఎందుకు? నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.