బ్రౌజర్ బిగుసుకుపోతోందా? ముందు ఇది చూడండి

బ్రౌజర్ మాటిమాటికీ బిగుసుకుపోతుంటే టెన్షన్ పడి కంప్యూటర్ ఆపేయకండి, వేరే ట్యాబ్‌లో సగం నింపిన దరఖాస్తు కూడా పోతుంది. విండోస్‌లో క్రోమ్ వాడేవాళ్లు షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఇది ఉందనే చాలామందికి తెలియదు. మెమొరీ, సీపీయూ ఎక్కువ తింటున్న ట్యాబ్ ఏదో అక్కడ కనిపిస్తుంది. దాన్ని ఆపేస్తే సాధారణంగా మిగతావి అలాగే ఉంటాయి.

మళ్లీ అదే తంతు అయితే ఆ సైటును ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ దాచుకోని ప్రైవేట్ విండోలో తెరవండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా మనం వేసుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేయవు. హాయిగా నడిచిందంటే అనుమానం వాటి మీదే! అన్నీ ఆపి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి. ఎప్పుడో వేసుకుని మరిచిపోయినది ఒకటి దొరుకుతుంది, తీసేయండి.

ఇన్‌కాగ్నిటోలో కూడా బిగుసుకుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (బొమ్మలు, వీడియోలు చూపే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగ్) ఆపి, బ్రౌజర్ మూసి తెరవండి.