మజిల్ కారు మన చేతులతో – 6వ పాఠం: కార్బొరేటర్‌ కంటే ముందు టైమింగ్

ఇంజను బండిలోకి దిగింది, స్టార్టయింది. కానీ ఐడిల్‌లో వణుకుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తడబడి ఆ తర్వాతే లాగుతోంది. ఈ దశలో అందరి చెయ్యీ తిన్నగా కార్బొరేటర్ స్క్రూల మీదికే పోతుంది. స్పార్కు ఎప్పుడు పడుతోందో తెలియకుండా మిక్స్చర్ తిప్పితే, రేపు టైమింగ్ సరిచేశాక ఆ పనంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఈ పాఠంలో కార్బొరేటర్‌ని ముట్టుకోం.

మన పాఠాల బండి 1969 కమారో ఎస్‌ఎస్, ఇంజను షెవీ స్మాల్ బ్లాక్ 350. అంటే 350 క్యూబిక్ అంగుళాలు, దాదాపు 5.7 లీటర్లు. ఎల్48 రకం కాబట్టి 300 హార్స్‌పవర్, కంప్రెషన్ 10.25కి 1. అంత కంప్రెషన్ పెట్టింది ఆనాటి సీసం కలిపిన ప్రీమియం పెట్రోలును నమ్ముకుని. ఇప్పుడు అమెరికా బంకుల్లో మనకు దొరికేది 91, 93 ఆక్టేన్. టైమింగ్ అతిగా ముందుకు జరిగితే దెబ్బ తినేది పిస్టన్లే.

ముందు ప్లగ్గు వైర్లు చూడండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, 1-8-4-3-6-5-7-2. స్పార్కును ఒక్కో ప్లగ్గుకీ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో రోటర్ తిరిగేది గడియారం దిశలో. డ్రైవర్ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7; అటువైపు 2, 4, 6, 8. 5, 7 సిలిండర్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని వెంటే ఒకటి పేలతాయి. ఆ రెండు వైర్లను ఒకే క్లిప్పులో ఆనించి కట్టొద్దు. ఒకదాని కరెంటు ఇంకోదాంట్లోకి దూకి, కారణం దొరక్క మిమ్మల్ని ఏడిపిస్తుంది.

ఇక ఎక్కువమంది వదిలేసే పని: క్రాంక్ ముందు కొసన ఉండే చక్రం, బాలెన్సర్, దాని మీదున్న టైమింగ్ గీత నిజం చెబుతోందా లేదా? బాలెన్సర్ బయటి రింగు రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. 50 ఏళ్లు దాటిన రబ్బరు వదులైతే రింగు జారుతుంది, దాంతో గీతా జారుతుంది. పైగా ఇన్నేళ్లలో ఎవరో ఒక ఏడాది బాలెన్సర్‌కి ఇంకో ఏడాది టైమింగ్ కవర్ బిగించి ఉండొచ్చు. అప్పుడు ఆ గీతను చూపించే టైమింగ్ లైటు ఎంత ఖరీదైనదైనా అబద్ధమే చూపిస్తుంది.

బ్యాటరీ వైరు తీసేయండి. ప్లగ్గులన్నీ విప్పండి. 1వ సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్, అంటే పిస్టన్‌ని పైదాకా రాకుండా ఆపే కడ్డీ, బిగించండి. బాలెన్సర్ బోల్టుకి సాకెట్ వేసి, పిస్టన్ స్టాప్‌కి తగిలేదాకా క్రాంక్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. టైమింగ్ కవర్ దగ్గరుండే డిగ్రీల ట్యాబ్ మీద సున్నా ఎదురుగా బాలెన్సర్‌పై ఒక గీత గీయండి. ఇప్పుడు వెనక్కి తిప్పి, మళ్లీ తగిలిన చోట ఇంకో గీత. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యన ఉండేదే అసలు టీడీసీ, పిస్టన్ పైకొచ్చి ఆగే చోటు. పాత గీత అక్కడే ఉంటే మీ అదృష్టం. లేకపోతే బాలెన్సర్ మార్చండి, జారడం మొదలెట్టిన రింగు ఒకచోట ఆగదు. ఈ పనికి స్టార్టర్ మాత్రం వాడొద్దు, పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

టీడీసీ దొరికాక 36 డిగ్రీల గుర్తు పెట్టాలి. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు స్పార్కు టీడీసీకి అంత ముందు పడాలన్నది మన లక్ష్యం. 36 అంటే 360లో పదో వంతు. బాలెన్సర్ చుట్టుకొలతను టేపుతో కొలిచి పదితో భాగిస్తే చాలు. 8 అంగుళాల బాలెన్సర్‌కి అది దాదాపు 64 మిల్లీమీటర్లు. ఎదురుగా నిలబడి చూస్తూ, టీడీసీ గీత నుంచి గడియారం దిశలో అంత దూరం కొలిచి తెల్ల పెయింటుతో గీయండి.

ఊళ్లో అంబాసిడర్ పాయింట్లను (కాయిల్ కరెంటును కలిపి తెంపే స్విచ్చు) ఫిల్లర్ గేజీతో సర్దడం చూసినవాళ్లకు తర్వాతి పని కొత్తేమీ కాదు. ఇక్కడున్న సుఖం ఏమిటంటే, డెల్కో డిస్ట్రిబ్యూటర్ మూతకి చిన్న కిటికీ ఉంటుంది. దాన్ని ఎత్తి, ఇంజను నడుస్తుండగానే ఎనిమిదో వంతు అంగుళం అలెన్ కీతో డ్వెల్, అంటే పాయింట్లు మూసుకుని ఉండే కోణం, 30 డిగ్రీలకు తేవచ్చు. డ్వెల్ మీటర్ లేకపోతే ఇంజను మిస్ అయ్యేదాకా గడియారం దిశలో తిప్పి, అక్కడి నుంచి అర చుట్టు వెనక్కి రండి. డ్వెల్ మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి ఈ పనే ముందు.

ఇప్పుడు టైమింగ్ లైటు. గ్యారేజీ తలుపు తీసి ఉంచండి. ఇంజను వ్యాక్యూమ్‌తో స్పార్కును ఇంకా ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం పీకి, కొస మూసేయండి. ఒక్క హెచ్చరిక: ఆ లైటు వెలుగులో గిరగిర తిరిగే ఫ్యాను ఆగిపోయినట్టు కనిపించొచ్చు. వేళ్లూ, వేలాడే బట్టలూ దూరంగా ఉంచండి. డిస్ట్రిబ్యూటర్ బోల్టు కొంచెం వదులు చేసి, ఒకరిని రేస్ ఇవ్వమనండి. ఆర్‌పీఎం పెరిగే కొద్దీ గుర్తు జరుగుతూ పోయి ఒకచోట నిలుస్తుంది. వేగం పెరిగే కొద్దీ విచ్చుకుని స్పార్కును ముందుకు జరిపే వెయిట్లు డిస్ట్రిబ్యూటర్ లోపల ఉంటాయి; వాటికి మెత్తటి స్ప్రింగులు వేసి ఉంటే 3000 లోపే నిలుస్తుంది, ఫ్యాక్టరీ స్ప్రింగులైతే 4000 దాటాల్సి రావచ్చు. నిలిచిన చోట మన తెల్ల గీత సున్నాకి ఎదురు రావాలి. రాకపోతే డిస్ట్రిబ్యూటర్‌ని గడియారానికి ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకు, గడియారం దిశలో తిప్పితే వెనక్కి జరుగుతుంది. బోల్టు బిగించి ఐడిల్‌కి రండి. లోపలి వెయిట్లు 24 డిగ్రీలు ఇస్తుంటే ఐడిల్‌లో 12 కనిపిస్తుంది. ఆ అంకె నోటు పుస్తకంలో రాసుకోండి, వచ్చే పాఠంలో దాంతో పనుంది.

రోడ్డు మీద టాప్ గేరులో, తక్కువ ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కి చూడండి. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడొస్తే వెంటనే కాలు తీయండి. ఇంటికొచ్చి 2 డిగ్రీలు తగ్గించి మళ్లీ చూడండి.

వ్యాక్యూమ్ గొట్టాన్ని తిరిగి పెట్టడం మరిచిపోవద్దు. రేసు బండ్లకు అది ఉండదని చాలామంది వీధి బండికీ పీకేస్తారు. నా మాట వింటే ఆ పని చేయకండి. నిదానంగా హైవే మీద పోతున్నప్పుడు మిక్స్చర్ పలచగా ఉంటుంది, నెమ్మదిగా మండుతుంది, దానికి ఇంకాస్త ముందే స్పార్కు కావాలి. పూర్తిగా తొక్కినప్పుడు వ్యాక్యూమ్ పడిపోయి ఆ అదనం తనంతట తనే పోతుంది. పీకేస్తే మీకు మిగిలేవి పెట్రోలు ఖర్చు, ఇంజను వేడి.

వచ్చే పాఠంలో పాయింట్లకు సెలవిచ్చి, 1975 నాటికి షెవీ తయారీదారు జీఎం దాదాపు అన్ని బండ్లకూ వేసిన, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ బిగిద్దాం. దానికి పూర్తి 12 వోల్టులు కావాలి. మీ కాయిల్‌కి వచ్చే వైరు మాత్రం వోల్టులను తగ్గించే రెసిస్టెన్స్ వైరు. మల్టీమీటర్ పెట్టి, ఇంజను నడుస్తున్నప్పుడు అక్కడ ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూసి పెట్టుకోండి.