చిన్న ఆఫ్‌రోడ్ వాహనంతో క్యాంపర్‌ను దూరం లాగడం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పొట్టి వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం), చిన్న ఇంజను ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనానికి క్యాంపర్ (పడుకునే వసతి ఉన్న, వెనుక కట్టి లాగే బండి) తగిలించినప్పుడు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు విడిభాగాల లోపం వల్ల వచ్చేవి కావు. బరువు ఎంత ఉంది, అది ఎక్కడ పడుతోంది అన్న లెక్క తప్పడం వల్ల వచ్చేవి. అందుకే కొత్త భాగాలు కొనేముందు, మనుషులు, నీళ్లు, ఇంధనం, సామానుతో సహా బయలుదేరే స్థితిలోనే వాహనాన్ని, క్యాంపర్‌ను వేబ్రిడ్జి మీద తూయించాలి. వాహనం బరువు, క్యాంపర్ బరువు, రెండింటి ఉమ్మడి బరువు, టో బాల్ (క్యాంపర్‌ను తగిలించే, వాహనం వెనుక ఉండే ఇనుప గుండు) మీద పడే బరువు, ఈ నాలుగూ తయారీదారు ఇచ్చిన పరిమితులలోపే ఉండాలి. క్యాంపర్ బరువు పరిమితికి లోబడే ఉన్నా, నలుగురు ఎక్కేసరికి ఉమ్మడి పరిమితి దాటిపోయే అవకాశం చిన్న వాహనాలలో ఎక్కువ.

వెనుక భాగం కుంగడం, స్టీరింగ్ తేలికైపోవడం

హెడ్‌లైట్ల వెలుగు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతున్నా, తడి రోడ్డు మలుపులో ముందు చక్రాల పట్టు సడలినట్టు అనిపించినా, ముందు ఇరుసు మీద బరువు తగ్గిందని అర్థం. టో బాల్ వెనుక ఇరుసు కన్నా ఇంకా వెనుకగా ఉంటుంది కాబట్టి, దాని మీద పడే బరువు మీటలా పనిచేసి ముందు భాగాన్ని పైకెత్తుతుంది. వీల్‌బేస్ 2.25 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి బాల్ వరకు 0.9 మీటరు ఉన్న వాహనంలో బాల్ మీద 100 కిలోలు పడితే, ముందు ఇరుసు మీద 40 కిలోలు తగ్గి, వెనుక ఇరుసు మీద 140 కిలోలు పెరుగుతాయి. వీల్‌బేస్ 3 మీటర్లయితే ముందు తగ్గేది 30 కిలోలే. వెనుక తలుపుకు బిగించిన స్పేర్ చక్రం, ఇంధనపు క్యాన్లు, ఇనుప బంపరు కూడా ఇదే మీటకు బలమిస్తాయి.

చాలామంది వెంటనే గట్టి స్ప్రింగులు వేయిస్తారు. వాటితో వాహనం సమంగా కనిపిస్తుంది గానీ, ముందు ఇరుసు కోల్పోయిన బరువు తిరిగి రాదు. మొదట బరువైన సామానును వెనుక ఇరుసుకు ముందువైపు మార్చాలి, అవసరం లేనిది దించేయాలి. ఆ తర్వాతే స్ప్రింగుల సంగతి చూసి, చివరగా హెడ్‌లైట్ల కోణం సరిచేయించాలి.

క్యాంపర్ అటూ ఇటూ ఊగడం

పై సమస్యకు విరుగుడుగా సామానును క్యాంపర్ వెనుక భాగంలోకి నెట్టడం అత్యంత ప్రమాదకరమైన పని, ఎందుకంటే ఊగుడుకు ప్రధాన కారణం అదే. బరువైన వస్తువులు క్యాంపర్ ఇరుసు మీద, నేలకు దగ్గరగా ఉండాలి. బాల్ మీద బరువు క్యాంపర్ మొత్తం బరువులో సుమారు 10 శాతం ఉండేలా చూడటం చాలామంది పాటించే పద్ధతి. వాహనం అంత మోయలేకపోతే ఇంకా తేలికైన క్యాంపర్‌ను ఎంచుకోవడమే సరైన మార్గం. లిఫ్ట్ కిట్ (వాహనాన్ని నేల నుంచి ఎత్తు పెంచే భాగాలు) వేసిన వాహనాలలో హిచ్ (టో బాల్‌ను బిగించే అమరిక) ఎత్తు పెరిగి క్యాంపర్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, క్యాంపర్ సమతలంగా నిలిచేలా హిచ్‌ను దించి బిగించాలి.

ప్రయాణంలో ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోవాలి. వాహనం బ్రేకును గట్టిగా తొక్కకూడదు. క్యాంపర్ బ్రేకులకు చేతి మీట ఉంటే వాటిని మాత్రమే నెమ్మదిగా వేయాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కడం

రేడియేటర్ రెక్కల మధ్య ఎండిన బురద, గ్రిల్ ముందు బిగించిన అదనపు లైట్లు, పాతబడిన కూలెంట్ ముందుగా చూడవలసినవి. ఇవన్నీ బాగున్నా వేడెక్కుతుంటే వేగమే కారణం కావచ్చు. గాలి నిరోధం వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) అనుసరించి పెరుగుతుంది కాబట్టి, గంటకు 100 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గితే అది 36 శాతం తగ్గుతుంది. ఎత్తు మొదలవకముందే చిన్న గేరుకు మారాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె నల్లబడి మాడు వాసన వస్తుంటే నూనె మార్పించి, విడిగా కూలర్ బిగించడం మంచిది. పెద్ద టైర్లు లాగే బలాన్ని తగ్గిస్తాయి. దూరం లాగడానికి తయారీదారు చెప్పిన కొలతకే కట్టుబడటం మేలని నా దృఢాభిప్రాయం.

దిగుడులో బ్రేకులు మెత్తబడటం

బ్రేకును ఆపకుండా తొక్కి ఉంచడం వల్ల అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి, తేమ చేరిన బ్రేకు ద్రవం మరిగి పెడల్ లోపలికి దిగిపోతుంది. చిన్న గేరులో ఇంజను బలంతోనే వేగాన్ని అదుపు చేయాలి. ప్రయాణానికి ముందు బ్రేకు ద్రవం మార్పించాలి. క్యాంపర్ సొంత బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో పరీక్షించాలి.

చక్రపు హబ్ వేడెక్కడం, దీపాలు మినుకుమనడం

ఆగిన ప్రతిచోటా క్యాంపర్ హబ్‌ల (చక్రాల మధ్య భాగాల) దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే బేరింగులో గ్రీజు లేకపోవడమో, బిగింపు ఎక్కువవడమో, బ్రేకు పట్టేయడమో జరిగి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ముందుకు సాగకూడదు. దీపాలు మినుకుమంటే ముందు ఎర్త్ వైరును శుభ్రం చేసి బిగించాలి. క్యాంపర్ బ్యాటరీ రోజంతా నడిచినా నిండకపోతే, పొడవైన సన్నని వైరులో వోల్టేజీ పడిపోతున్నట్టే. మందమైన వైరు వేసి, క్యాంపర్ బ్యాటరీ దగ్గర డీసీ-డీసీ చార్జర్ (తగ్గిన వోల్టేజీని బ్యాటరీ నిండడానికి కావలసినంతకు పెంచే పరికరం) అమర్చాలి. వాహనం బ్యాటరీ దగ్గర తగిన ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి.