మాక్ టెస్టులో మార్కులొస్తాయి, అసలు పరీక్ష పోతుంది: ప్రైవసీ సర్టిఫికేషన్ మెటీరియల్‌లో లోపం ఎక్కడ?

ప్రైవసీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏపీపీ వారి సీఐపీపీ/ఈ (యూరప్ ప్రైవసీ చట్టం మీద సర్టిఫికెట్) పరీక్షకు ఏ పుస్తకం కొనాలని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే: బాడీ ఆఫ్ నాలెడ్జ్ (ఐఏపీపీ ఇచ్చే సిలబస్) తెరిచి చూశారా, దాని మీద ఏ తేదీ ఉంది? చాలామంది చూసి ఉండరు. పరీక్ష పరిధి అంతా అందులోనే ఉంటుంది. ఏ విభాగం నుంచి కనీసం ఎన్ని, గరిష్ఠంగా ఎన్ని ప్రశ్నలు వస్తాయో ఎగ్జామ్ బ్లూప్రింట్ చెబుతుంది. రెండూ ఉచితం, చూడటం అయిదు నిమిషాల పని. దాన్ని వదిలేసి కోర్సులూ పుస్తకాలూ ప్రశ్నల బ్యాంకులూ కొనేసి, పరీక్ష పోయాక తప్పెక్కడ జరిగిందని అడుగుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. అందుకే ఇవన్నీ ఒకచోట రాస్తున్నాను. జీడీపీఆర్ (యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ చట్టం) గురించీ, కంట్రోలర్‌కీ (డేటా ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ) ప్రాసెసర్‌కీ (దాని తరఫున డేటాతో పనిచేసే సంస్థ) ఉన్న తేడా గురించీ మీకు తెలుసనే అనుకుంటున్నాను.

సమస్య: చదివింది పరీక్షలో కనిపించలేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒక సర్టిఫికెట్‌కు కడుతూ ఇంకోదానికి చదవడం. సీఐపీపీ/ఈ యూరప్ చట్టం, సీఐపీపీ/యూఎస్ అమెరికా చట్టాలు, సీఐపీఎం సంస్థలో ప్రైవసీ కార్యక్రమం నడపడం, సీఐపీటీ టెక్నాలజీ వైపు. అట్ట మీద సీఐపీపీ అని చూసి కొనేయకండి. విషయసూచికను బాడీ ఆఫ్ నాలెడ్జ్ పక్కన పెట్టి చూడండి. సగం అధ్యాయాలకు జోడీ దొరకలేదంటే ఆ పుస్తకం మీది కాదు.

సమస్య: చట్టం తెలుసు, సన్నివేశం ఇస్తే తప్పుతోంది

ఇది సారాంశం నోట్సు మాత్రమే చదివినవాళ్లకు వచ్చే ఇబ్బంది. డేటా ఉల్లంఘననే తీసుకోండి. ఏ నోట్సు తెరిచినా "72 గంటల్లో తెలియజేయాలి" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఇప్పుడు ప్రశ్న ఇలా వస్తుంది: వేరే కంపెనీ తరఫున జీతాల లెక్కలు చూసే సంస్థలో డేటా లీకైంది, ఆ సంస్థ ఏం చేయాలి? నోట్సు చదివినవారు 72 గంటల ఆప్షన్ టిక్ పెట్టేస్తారు. ఆర్టికల్ 33 అసలు పాఠం చదివినవారు ఆగుతారు. ఆ సంస్థ ప్రాసెసర్. దాని బాధ్యత అనవసర జాప్యం లేకుండా కంట్రోలర్‌కు చెప్పడం, అక్కడ గంటల లెక్క లేదు. 72 గంటలు కంట్రోలర్ నుంచి పర్యవేక్షక సంస్థకు (డేటా రక్షణ చట్టం అమలును చూసే అధికార సంస్థ), అదీ విషయం తెలిసిన క్షణం నుంచి, వ్యక్తుల హక్కులకు ముప్పు ఉండే అవకాశం లేనప్పుడు తప్ప. వ్యక్తులకు చెప్పాల్సింది ఆర్టికల్ 34 కింద, ముప్పు ఎక్కువగా ఉన్నప్పుడు. అక్కడా 72 లేదు.

పరిష్కారం: జీడీపీఆర్ అసలు పాఠాన్ని మీ మెటీరియల్‌లో ప్రధానంగా పెట్టుకోండి. 99 ఆర్టికల్స్, 173 రిసైటల్స్ (చట్టం ముందుండే వివరణ పేరాలు) అనగానే టెన్షన్ పడక్కర్లేదు, అన్నీ ఒకే లోతులో చదవాల్సిన పని లేదు. నోట్సులో ఏ నియమం చదివినా వెంటనే ఆ ఆర్టికల్ తెరిచి "ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ మినహాయింపుతో" అన్న నాలుగూ చూసుకోండి. ఆర్టికల్ నంబర్లు ఇవ్వని నోట్సును పక్కన పెట్టేయండి.

సమస్య: మాక్ టెస్టుల్లో 90 శాతం, అసలు పరీక్షలో 300 దాటలేదు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. బాగా చదివినవాళ్లు కూడా.

ముందు ఒక చిన్న అపోహ. ఈ పరీక్షలో 90 ప్రశ్నలు, సమయం రెండున్నర గంటలు. వాటిలో 75కే మార్కులు, మిగతా 15 ప్రయోగం కోసం కలిపినవి, అవి ఏవో మీకు తెలియవు. స్కోరు 100 నుంచి 500 దాకా ఉండే స్కేలు మీద ఇస్తారు, పాస్ కావడానికి 300 కావాలి. 300 అంటే 60 శాతం కాదు. మాక్ టెస్టు శాతాన్ని ఆ స్కేలులోకి మార్చుకుని ధీమాగా ఉండటం మానుకోండి.

అసలు కారణం వేరే ఉంది. పుస్తకం కొత్తది, అందులోని ప్రశ్నలు పాతవి. కొత్త ఎడిషన్ వేసేటప్పుడు అధ్యాయాలు సవరిస్తారు, వెనకాల ప్రశ్నల బ్యాంకు మీద చెయ్యి వేయరు. లేదా పుస్తకమూ ప్రశ్నలూ రెండూ ఒకే పాత నోట్సులోంచి పుట్టి ఉంటాయి. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి చక్కగా సమర్థించుకుంటాయి. మీరు పుస్తకం చదివి, అదే చేతి ప్రశ్నలకు జవాబులు రాసి, 90 తెచ్చుకుంటారు. లోపం రెండింట్లోనూ ఒకేచోట ఉంది కాబట్టి మీ కంటికి ఆనదు.

పాతదనం తేలిగ్గా పట్టుబడే చోటు డేటా బదిలీల అధ్యాయం. అమెరికాకు డేటా పంపడానికి ప్రైవసీ షీల్డ్ (యూరప్, అమెరికాల మధ్య పాత ఏర్పాటు) వాడవచ్చని ఉంటే అది 2020 జులై 16కు ముందు రాసింది. ష్రెమ్స్ రెండో తీర్పులో ఆ రోజే యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. షీల్డ్ పోయింది, దాని స్థానంలో ఇంకా ఏదీ రాలేదని ఉంటే 2023 జులై 10కి ముందుది. ఆ రోజు దాని స్థానంలో వచ్చిన డేటా ప్రైవసీ ఫ్రేమ్‌వర్క్ మీద నిర్ణయం వచ్చింది. స్టాండర్డ్ కాంట్రాక్చువల్ క్లాజుల (డేటాను యూనియన్ బయటికి పంపడానికి వాడే ప్రామాణిక ఒప్పంద నిబంధనలు) దగ్గర నాలుగు మాడ్యూళ్ల ప్రస్తావన లేకపోతే 2021 జూన్ 4కు ముందు పాఠమే. ఈ మూడూ చూడటానికి పుస్తకం కొననక్కర్లేదు, నమూనా పేజీలు చాలు.

ఇలా కనిపించేవాటితో పెద్ద చిక్కు లేదు. పాత వాసనే రాని ప్రశ్నలే ముంచుతాయి. ఉదాహరణకు ఇలాంటిది: ఒక కంపెనీ కేంద్ర కార్యాలయం లండన్‌లో ఉంది, నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతాయి, పారిస్‌లో, బెర్లిన్‌లో శాఖలున్నాయి, లీడ్ పర్యవేక్షక సంస్థ (పలు దేశాల్లో పనిచేసే కంపెనీ విషయంలో ముందుండి వ్యవహరించేది) ఏది? పాత బ్యాంకులో జవాబు బ్రిటన్ పర్యవేక్షక సంస్థ ఐసీఓ అని ఉంటుంది. అప్పట్లో సరైనదే. ప్రశ్నలో తేదీ లేదు, రద్దయిన చట్టం పేరూ లేదు, చదివితే ఏ అనుమానమూ రాదు. కానీ బ్రిటన్ 2020 జనవరి 31న యూనియన్ నుంచి బయటికొచ్చింది, పరివర్తన కాలం ఆ ఏడాది డిసెంబర్ 31తో ముగిసింది. ఇప్పుడు ఐసీఓ లీడ్ సంస్థ కాలేదు. అలాగని పారిస్‌దో బెర్లిన్‌దో దానంతటదే లీడ్ అయిపోదు. డేటా ఎందుకు, ఎలా వాడాలన్న నిర్ణయాలు యూనియన్‌లోని కార్యాలయంలో జరిగి, వాటిని అమలు చేయించే అధికారం దానికి ఉంటేనే అది ప్రధాన స్థాపన అవుతుందని యూరోపియన్ డేటా ప్రొటెక్షన్ బోర్డు 2024లో ఇచ్చిన అభిప్రాయం. నిర్ణయాలు లండన్‌లోనే జరుగుతుంటే ఆ కంపెనీకి ఒకే సంస్థతో వ్యవహరించే వెసులుబాటే ఉండదు. పాత జవాబును బట్టీ పట్టినవారికి ఈ ప్రశ్న చాలా తేలికగా అనిపిస్తుంది, తప్పు టిక్ పెట్టి ధైర్యంగా ముందుకు పోతారు.

దీనికి తోడు గడువు తెచ్చే చిక్కు ఒకటుంది. పరీక్ష ఫీజు కట్టాక రాయడానికి ఏడాది సమయం ఉంటుంది. బాడీ ఆఫ్ నాలెడ్జ్‌ను ఏటా సమీక్షిస్తారు, కొత్త వెర్షన్ ఫలానా తేదీ నుంచి అమల్లోకి వస్తుందని ముందే ప్రకటిస్తారు. ఫీజు కట్టినరోజే మెటీరియల్ కొనేసి, పని ఒత్తిడి వల్ల పరీక్ష నాలుగైదు నెలలు వాయిదా వేస్తే ఈలోగా వెర్షన్ మారిపోవచ్చు. మీకు వర్తించేది ఫీజు కట్టిన రోజు వెర్షన్ కాదు, కుర్చీలో కూర్చుని రాసే రోజు అమల్లో ఉన్నది.

పరిష్కారం ఇలా చేయండి. పరీక్ష తేదీ, వెర్షన్ అమలు తేదీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. తేదీ మార్చుకున్న ప్రతిసారీ మళ్లీ చూడండి. ప్రశ్నల బ్యాంకును పుస్తకంతో కలిపి కాకుండా విడిగా తూకం వేయండి, వీలైతే వేరే చోటు నుంచి తెచ్చుకోండి. ప్రతి ప్రశ్న పక్కనా ఆ జవాబుకు ఆధారమైన ఆర్టికల్ నంబరో, తీర్పో, మార్గదర్శకమో పెన్సిల్‌తో రాయండి. ఆధారం దొరకని ప్రశ్నను కొట్టేయండి. ఈ పని మొదటి ఇరవై ప్రశ్నలకు చేసేసరికే బ్యాంకు ఎంత పాతదో తెలిసిపోతుంది. చదువు కూడా అక్కడే బాగా ఒంటబడుతుంది.

రివర్స్‌లో పోయేవాళ్లూ ఉన్నారు. రోజూ ప్రైవసీ వార్తలన్నీ చదివి, నిన్నటి తీర్పు పరీక్షలో వస్తుందేమోనని భయపడతారు. అమల్లో ఉన్న వెర్షన్‌లో లేనిదాని కోసం నిద్ర చెడగొట్టుకోకండి.

సమస్య: ఎంత చదివినా పూర్తి కావడం లేదు

మెటీరియల్ ఎక్కువైంది. ఒక పాఠ్యపుస్తకం, చట్టం పాఠం, బ్లూప్రింట్, ఒక ప్రశ్నల బ్యాంకు. ఇవి చాలు. రెండో పుస్తకం కొనాలనిపిస్తే మొదటిదాంట్లో ఏ అంశం లేదో పేరు పెట్టి చెప్పగలగాలి. సమయాన్ని బ్లూప్రింట్‌లోని ప్రశ్నల సంఖ్యను బట్టి పంచండి. చరిత్ర అధ్యాయం ఆసక్తిగా ఉందని రెండు వారాలు అక్కడే ఉండిపోకండి.

అరుదైనవి

పుస్తకంలో అచ్చుతప్పులు: ఉంటాయి, చట్టం పాఠం పక్కన ఉంటే దొరికిపోతాయి. ఇంగ్లీషు వేగంగా చదవలేకపోవడం: గడియారం పెట్టుకుని రెండు పూర్తి మాక్ టెస్టులు రాస్తే తెలుస్తుంది. "అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలే" అంటూ అమ్మే డంపులు: జవాబులు నమ్మదగినవి కావు, పైగా నియమాల ఉల్లంఘన, దొరికితే సర్టిఫికెట్టే పోవచ్చు. ముట్టుకోకండి.