ఫ్యాన్ ఎడిట్‌లో కథని ఎంతవరకు మార్చాలి, ఎలా మార్చాలి?

ఫ్యాన్ ఎడిట్ అంటే విడుదలైన సినిమాని అభిమానే తనకి నచ్చినట్టు మళ్లీ కత్తిరించుకోవడం. సినిమా నచ్చక అది చేసేవాళ్లు కొందరు. బాగా నచ్చి, ఆ ఒక్క ముక్క లేకపోతే ఇంకెంత బాగుండేదో అనుకుని చేసేవాళ్లు కొందరు. మొదటి రకం వాళ్లు దయచేసి వేరే సినిమా చూసుకోండి, ఇది రెండో రకం వాళ్ల కోసం. ఈమధ్య నేను చూసిన ఎడిట్లలో చాలావాటికి ఒకటే జబ్బు. బోరు కొట్టిన సీను కనబడగానే లేపేస్తారు, ఆ సీను వల్ల తర్వాత ఏమేం జరిగిందో మాత్రం పట్టించుకోరు. అరగంట పోయాక హీరో కుంటుతూ వస్తాడు, ఎందుకు కుంటుతున్నాడో ఎవరికీ తెలీదు.

ఉదాహరణకి హాబిట్ సినిమాలే తీసుకుందాం. 1937లో వచ్చిన ఓ చిన్న పిల్లల పుస్తకాన్ని 2012, 2013, 2014ల్లో మూడు సినిమాలుగా సాగదీశారు. థియేటర్ నిడివే మొత్తం ఎనిమిది గంటలకి దగ్గర. అందుకే ప్రపంచంలో ఫ్యాన్ ఎడిటర్లు అందరూ ఎప్పుడో ఒకప్పుడు దీని మీద చెయ్యి వేస్తారు.

సామాను

మీ డబ్బుతో కొన్న బ్లూ-రే, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ (ఉచిత వెర్షన్ చాలు), ఓ మంచి హెడ్‌ఫోన్స్. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) డిస్క్‌లో ఎంతుందో అంతే పెట్టండి, ఎక్కువ సినిమాలకి అది 23.976. ఆడియో 5.1 (శబ్దం ఆరు విడి ఛానెళ్లలో ఉండేది) ఉండి తీరాలి. స్టీరియో ఫైలు పట్టుకుని మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకో కింద చెప్తా.

మొదటి మెట్టు: ఒక్క వాక్యం

ఏం మార్చాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. "టౌరియల్, కీలీల ప్రేమకథ తీసేయాలి." అంతే. (హాబిట్ సినిమాల్లో టౌరియల్ ఎల్ఫ్ అనే అడవి జాతి యోధురాలు, కీలీ కొండకి బయల్దేరిన మరుగుజ్జుల గుంపులో ఒకడు.) రెండో వాక్యం అవసరమైందంటే అది ఇంకో ఎడిట్.

రెండో మెట్టు: సీన్ల పట్టిక

సినిమా మొత్తం చూస్తూ ప్రతి సీనుకీ మూడు గడులు నింపండి: ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు. చేత్తో కాగితం మీదే రాయండి, ఎక్సెల్ వద్దు. రెండు గడులు నిమిషంలో అయిపోతాయి. మూడోది సరిగ్గా నింపితేనే ముందుకెళ్లండి.

మూడో మెట్టు: కారణాలు లెక్కపెట్టడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా చదవండి.

తీసేయాలనుకున్న ప్రతి సీను దగ్గరా అడగాల్సింది ఇది: దీన్ని తీసేస్తే, ముందు ముందు ఏ పాత్ర చేసే పనికైనా ఉన్న ఒక్క కారణం పోతుందా? పోయేట్టయితే రెండే దార్లు, ఆ పనిని కూడా తీసేయడం, లేదా సీనుని వదిలేయడం. ఒక పనికి సినిమాలోనే రెండు కారణాలు ఉంటే, అందులో ఒకదాని మీద నిర్భయంగా కత్తెర వేయొచ్చు. పాత ఇంట్లో గోడ పడగొట్టే ముందు మేస్త్రీ పైకి చూసి దూలం దేని మీద ఆనిందో చూసుకుంటాడు కదా, ఇదీ అంతే.

టౌరియల్ సంగతి చూడండి. రెండో సినిమాలో ఆమె రాజు మాట కాదని అడవి దాటి వెళ్తుంది. ఎందుకు? కీలీకి విషపు బాణం తగిలిందని తెలిసింది, అది ఒక కారణం. కానీ తోటి ఎల్ఫ్ లెగోలాస్‌తో మాట్లాడేటప్పుడు ఇంకో కారణం కూడా చెప్తుంది, బయట చెడు పెరిగిపోతుంటే మనం తలుపులు వేసుకుని కూర్చోవడమేంటని. అంటే కీలీని బంధించిన చెరసాల దగ్గర ఆమె, కీలీ నక్షత్రాల గురించి మాట్లాడుకునే సీను తీసేసినా ఆమె ప్రయాణం నిలబడుతుంది. ప్రేమ తీసేయొచ్చు, మనిషిని తీసేయక్కర్లేదు.

ఇప్పుడు అదే చోట చాలామంది చేసే పని చూడండి. టౌరియల్ పుస్తకంలో లేదు కాబట్టి మనిషినే మాయం చేస్తారు. సరే, లేక్‌టౌన్ అనే ఊళ్లో కీలీకి వైద్యం చేసేది ఆమే, కాబట్టి ఆ సీను పోయింది. వైద్యం పోతే గాయం ఉండకూడదు. కానీ బాణం తగిలింది నదిలో పీపాల సీనులో, గేటు తెరవడానికి మీట లాగబోతున్నప్పుడు, ఆ షాట్ కత్తిరిస్తే గేటు తనంతట తనే తెరుచుకున్నట్టుంటుంది. పోనీ దాన్నీ ఎలాగో కవర్ చేశారనుకుందాం. గాయం లేకపోతే కీలీ ఊళ్లో ఎందుకు ఆగిపోయాడు? అతని కోసం అన్న ఫీలీ ఆగాడు, వైద్యం తెలిసిన ఓయిన్ ఆగాడు, బోఫర్ మాత్రం తాగి పడుకుని పడవ అందుకోలేకపోయాడు. పుస్తకంలోలాగా అందర్నీ కొండకి పంపేద్దామంటే డ్రాగన్ స్మాగ్ ఊరిని తగలబెట్టేటప్పుడు ఆ నలుగురూ పడవలో కనబడుతూనే ఉంటారు, అదీ టౌరియల్‌తో పాటు. ఒక్క పాత్ర మీద కోపంతో మొదలుపెట్టి మూడో సినిమా దాకా తవ్వుకుంటూ పోవాలి. ఓపికగా చివరిదాకా తవ్విన వాళ్లూ ఉన్నారు, వాళ్లకి నా దండం. మధ్యలో ఆపేసి నెట్‌లోకి ఎక్కించిన వాళ్లే ఎక్కువ.

"పుస్తకంలో లేదు" అన్నది అసలు కారణమే కాదు, ఇది కూడా చెప్పేస్తా. మీరు కత్తిరిస్తున్నది సినిమాని. సినిమాలో జరిగిందే మీకు ప్రమాణం. పుస్తకమే కావాలంటే పుస్తకం చదువుకోవచ్చు, చిన్నదే.

మన దగ్గరి లెక్క కూడా చూడండి. 2025లో రాజమౌళి రెండు బాహుబలి భాగాల్నీ కలిపి, దాదాపు ఐదున్నర గంటల సినిమాని 3 గంటల 45 నిమిషాలకి తెచ్చారు. అందులో శివుడు, అవంతికల ప్రేమకథ చాలావరకు ఎగిరిపోయింది. అది చూసి ఇంట్లో మనమూ చేసేద్దాం అనుకోకండి. మొదటి భాగంలో శివుడు మాహిష్మతి వెళ్లేది అవంతిక పనిని తన పనిగా తీసుకున్నందుకే, దానికి పక్కన ఇంకో బలమైన కారణం లేదు. దర్శకుడైతే కావాల్సిన చోట వాయిస్ ఓవర్ చెప్పించి అతుకు వేసుకోగలడు. మీ దగ్గర డిస్క్‌లో ఉన్నది తప్ప ఇంకేం లేదు.

ఏఐతో కొత్త డైలాగ్ పుట్టించొచ్చు కదా అంటారు ఈమధ్య. వద్దు. నటుడు పలకని మాట అతని నోట్లో పెట్టడం ఎడిటింగ్ కాదు. ముగింపు మార్చడం కూడా వద్దు. 2013 నాటి రాంఝణా తమిళ రూపాన్ని 2025లో ఏఐతో ముగింపు మార్చి మళ్లీ విడుదల చేస్తే దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, హీరో ధనుష్ ఇద్దరూ బాహాటంగానే మండిపడ్డారు. హక్కులున్న సంస్థ చేస్తేనే అంత రభస అయింది.

నా కొలత ఒకటే. అసలు సినిమా చూసినవాడూ మీ ఎడిట్ చూసినవాడూ టీ కొట్టు దగ్గర కలిస్తే, ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎవరు గెలిచారు అన్న దాంట్లో గొడవ రాకూడదు. ఎవరికి ఎంత సేపు ఇచ్చారన్న దాంట్లో ఎంతైనా కొట్టుకోవచ్చు. స్టార్ వార్స్ మొదటి ఎపిసోడ్‌కి వచ్చిన ఫాంటమ్ ఎడిట్‌ని జనం ఇప్పటికీ తలుచుకునేది ఇందుకే. సుమారు 18 నిమిషాలు తీసి జార్ జార్ అనే కామెడీ పాత్ర గోల తగ్గించారు, కథ మాత్రం ఎక్కడికీ పోలేదు.

నాలుగో మెట్టు: శబ్దం

5.1 ఎందుకన్నానో ఇప్పుడు చెప్తా. డైలాగులు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి, సంగీతం ఎక్కువగా పక్క ఛానెళ్లలో. మధ్యది మ్యూట్ చేస్తే మాట పోయి సంగీతం మిగులుతుంది. పూర్తిగా పోదు, పక్క ఛానెళ్లలో కాస్త ప్రతిధ్వని ఉంటుంది, దాన్ని వర్షం శబ్దం కిందో గుంపు అరుపుల కిందో దాచండి. స్టీరియోలో ఈ సౌకర్యం లేదు. బొమ్మ కట్ చేసిన చోటే సంగీతాన్ని కట్ చేయకండి, ఒకటి రెండు సెకన్లు అటో ఇటో జరపండి. ఫేడ్ టు బ్లాక్ (బొమ్మ మెల్లగా నల్లబడిపోవడం) పెట్టి తప్పించుకోవడం నేరం.

ఐదో మెట్టు: తెలియనివాడికి చూపించడం

అసలు సినిమా చూడని మనిషిని కూర్చోబెట్టండి. మీరు నోరు తెరవకండి. "ఇతనెవరు, ఎప్పుడొచ్చాడు?" అని అడిగిన ప్రతి చోటా టైమ్ రాసుకుని మూడో మెట్టుకి వెళ్లండి. సినిమా పిచ్చోళ్లు ఈ పనికి పనికిరారు, లేని సీనుని మనసులోనే వేసేసుకుంటారు.

ఆరో మెట్టు: మార్పుల చిట్టా

సినిమా మీది కాదు, ఎంత కష్టపడినా మీది కాదు. అమ్మకండి, యూట్యూబ్‌లో పెట్టకండి. మన కాపీరైట్ చట్టం, 1957లో 57వ సెక్షన్ ప్రకారం తన పేరుకి మచ్చ తెచ్చేలా రచనని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకి విడిగా ఉంది. ఎడిట్‌తో పాటు ఓ చిట్టా పెట్టండి: టైమ్, ఏం తీశారు, ఎందుకు తీశారు. "ఎందుకు" దగ్గర "బోర్" అని రాసినవన్నీ ఇంకోసారి తెరిచి చూసుకోండి, వాటిలో కొన్నింటిని వెనక్కి పెట్టాల్సి వస్తుంది.