పని నేర్పే బండిని మన్యం గ్రామాలకు నడపడం ఎలా?

పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొండ మీది ఊళ్లో ఉండే ఒక యువకుడు చేతిపని ఏదైనా నేర్చుకోవాలంటే సాధారణంగా ఇల్లు విడిచి వారాల తరబడి పట్టణంలో ఉండవలసి వస్తుంది. పొలం పని, ముసలి తల్లిదండ్రులు, చంటిబిడ్డలు ఉన్నవారికి అది సాధ్యమయ్యేది కాదు. అందువల్ల పనిముట్లనూ, పని నేర్పే మనిషినీ బండిలో ఎక్కించి ఆ ఊరి దగ్గరికే తీసుకువెళ్లడం తగిన మార్గం. అయితే ఈ పనికి పూనుకునే సంస్థలు చాలావరకు ముందు బండి కొని, ఏం నేర్పాలన్నది ఆ తర్వాత ఆలోచిస్తాయి. ఈ వరుసను మార్చుకోవడం అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం.

ఏ పని నేర్పాలో తెలుసుకోవడానికి ఊరి యువతను సమావేశపరిచి ‘మీకేం కావాలి?’ అని అడిగితే, వారు అంతకుముందు విన్న రెండు మూడు పేర్లే చెబుతారు. దానికి బదులు వరుసగా నాలుగు వారాలు వారపు సంతకు వెళ్లి, పొద్దుటి నుంచి సాయంత్రం వరకు కూర్చుని, బాగు చేయించుకోవడానికి జనం కొండ దిగి ఏమేం తెస్తున్నారో రాసుకోవాలి. ఏ వస్తువు, ఏ ఊరి నుంచి, జీపుకు ఎంత ఛార్జీ, మరమ్మత్తుకు ఎంత, దానికోసం పోయిన కూలి రోజులెన్ని అన్న వివరాలతో ఆ నోటుపుస్తకం నిండితే, ఊరిలోనే నిలిచే పని ఏదో అందులోనే కనిపిస్తుంది. మోటారుసైకిళ్లు, సెల్‌ఫోన్లు, మందు కొట్టే బ్యాటరీ పంపులు, పిండి మరలు, కాఫీ పండ్ల తొక్క తీసే పల్పర్లు అక్కడ తప్పక పరిశీలించవలసినవి.

పల్పర్ గురించి కొంత వివరంగా చెప్పాలి. కోసిన కాఫీ పండును అదే రోజు తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి ఆరబెడితేనే గింజకు మంచి ధర వస్తుంది. చేత్తో తిప్పే చిన్న పల్పర్‌లో తిరిగే డ్రమ్ముకూ దాని ఎదుటి పలకకూ మధ్య ఉన్న సందు ఎక్కువైతే పండ్లు తొక్కతోనే బయటికి వస్తాయి. తక్కువైతే గింజలు నలిగి, గీరుకుపోయి నాణ్యత పడిపోతుంది. ఆ సందును సరిచేయడం, అరిగిన డ్రమ్ము రేకును మార్చడం, బేరింగుకు గ్రీజు పెట్టడం కొద్ది రోజుల్లో నేర్పగలిగిన పనులే. అయినా కోతల మధ్యలో యంత్రం ఆగిపోతే, దాన్ని బాగు చేసే మనిషి ఊళ్లో లేనందువల్ల ఆ రోజు కోసిన పండ్ల విలువ తగ్గిపోతుంది. పల్పర్ తిప్పే పనిలో స్త్రీల చెయ్యి ఉంటుంది గనుక ఈ శిక్షణలో వారికి సగం స్థానాలు ఇవ్వాలి. స్త్రీలంటే కుట్టుమిషనే అని ముందుగానే తీర్మానించుకోవడం వారికి అన్యాయం చేయడమే.

మోటారుసైకిల్ పనిలో ఇంకొక జాగ్రత్త అవసరం. 2020 ఏప్రిల్ 1 నుంచి బళ్ల పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక కొత్త బళ్లు ఎక్కువగా కార్బ్యురేటర్ లేకుండా, ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఇంజెక్టర్లతో వస్తున్నాయి. పాత పద్ధతి మాత్రమే నేర్పితే శిష్యుడు కొత్త బండి ముందు నిస్సహాయుడవుతాడు. పంక్చరు, బ్రేకు, చైను, క్లచ్ కేబుల్ పనులతో మొదలుపెట్టి, లోపాన్ని చదివి చూపే స్కానర్‌ను కూడా బండిలో ఉంచి దాన్ని వాడడం నేర్పాలి.

శిక్షణ కాలాన్ని సంస్థ ఆర్థిక సంవత్సరం నిర్ణయించకూడదు. ఊరి పంటలు నిర్ణయించాలి. జులై, ఆగస్టు నెలల్లో వరినాట్లు, ఆ తర్వాత చలికాలంలో కాఫీ కోతలు, అటుపైన పసుపు తవ్వి ఉడకబెట్టే పని, చైత్రంలో ఆదివాసీల ఇటుకల పండుగ ఉంటాయి. పల్పర్ శిక్షణ కోతలకు ముందు, అక్టోబరులో పూర్తి కావాలి. మోటారుసైకిల్, ఇంటి వైరింగు వంటి వాటికి వేసవి అనుకూలమే గాని, ఉపాధి హామీ పనులు కూడా అప్పుడే ముమ్మరంగా జరుగుతాయి కాబట్టి, ఆ కూలి పోకుండా మధ్యాహ్నం తర్వాత తరగతులు పెట్టాలి.

ఇక బండి విషయం. ఘాట్ మలుపుల్లో పొడవాటి బస్సు తిరగదు. మినీ లారీ చాలు. దాన్ని తరగతి గదిగా మార్చాలన్న ఆశ వదులుకుని, పనిముట్ల గిడ్డంగిగా మాత్రమే తయారు చేసుకోవడం మేలు. పని నేర్పేది బడి వరండాలో, సామాజిక భవనంలో, లేదా చెట్టు కింద పరచిన టార్పాలిన్ మీద. బండి కట్టడంలో మార్పు చేసేముందు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి పొందాలి. విద్యుత్తు కోసం జనరేటరు పెట్టుకుంటే, నేలలో దించే ఎర్త్ రాడ్డు, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకేజీకే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు తప్పనిసరిగా ఉండాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ప్రథమ చికిత్స పెట్టె లేకుండా బండిని కదలనివ్వకూడదు. ఆసుపత్రి దూరంగా ఉన్న చోట చిన్న గాయం కూడా పెద్ద ప్రమాదమే.

ఊళ్లో అడుగుపెట్టేముందు గ్రామసభలో పని వివరాలు చెప్పి పెద్దల సమ్మతి తీసుకోవాలి. నేర్పే మనిషికి తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియాగానీ కువిగానీ వస్తే మంచిది. రాకపోతే ఆ భాష తెలిసిన సహాయకుణ్ణి వెంట తీసుకువెళ్లాలి. ఒక జట్టులో పన్నెండు మందికి మించకుండా, ఇద్దరికి ఒక పనిముట్ల పెట్టె ఉండేలా చూడాలి. ఒకే ఊళ్లో వరుసగా పదిహేను రోజులు ఉండి వెళ్లిపోవడం కంటే, మూడు ఊళ్లను ఒక చుట్టుగా పెట్టుకుని ప్రతి ఊరికి వారానికి రెండు రోజుల చొప్పున ఎనిమిది వారాలు రావడం ఎంతో మెరుగు. మధ్యలోని రోజుల్లో శిష్యులు ఊరి బళ్ల మీద చేయి తిప్పి, తమకు అంతుపట్టని లోపాలతో తిరిగి వస్తారు. అసలు నేర్పు అక్కడే మొదలవుతుంది. బండి వచ్చే తేదీలను ఊరి గోడ మీద రంగుతో రాసి, వాన పడినా మాట తప్పకుండా రావాలి.

ధ్రువపత్రం, పెట్టుబడి విషయాల్లో ప్రభుత్వ పథకాలను వాడుకోవాలి. చదువు రానివారికీ, బడి మధ్యలో మానేసినవారికీ నేర్పడానికే జన శిక్షణ సంస్థాన్‌లు ఉన్నాయి. జిల్లా లీడ్ బ్యాంకు ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థతో ముందుగానే మాట్లాడుకుంటే రుణం దగ్గర ఇబ్బంది తగ్గుతుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కుట్టుపని, కమ్మరం, వడ్రంగం, తాపీపని సహా 18 వృత్తులకు వర్తిస్తుంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం అందులో ఉన్నాయి. మోటారుసైకిల్ మరమ్మత్తు ఆ జాబితాలో లేదు కాబట్టి, ఆ పని నేర్చినవారి పనిముట్లకు మహిళా సంఘం అప్పుగానీ మరో దారిగానీ ముందే చూడాలి.

చివరి రోజు పనిముట్ల పెట్టెతో పాటు బ్రేకు షూలు, కేబుళ్లు, స్పార్క్ ప్లగ్గులు, బేరింగులు వంటి విడిభాగాలను ఒక ట్రంకు పెట్టెలో అప్పగించి, అమ్మిన డబ్బుతో తిరిగి కొనే లెక్కను నేర్పాలి. ఆ తర్వాత ఆరు నెలలపాటు నెలకొకసారి బండి వచ్చి, వారు చేసిన మరమ్మత్తుల పుస్తకం చూసి, చేయలేకపోయిన వాటిని వారితోనే చేయించాలి. వారిలో చురుకైన ఒకరిని కూలి ఇచ్చి బండితో పాటు తర్వాతి మూడు ఊళ్లకు సహాయకుడిగానో సహాయకురాలిగానో తీసుకువెళ్లాలి.